అక్కయ్య కింది దవడలో గడ్డ: బయాప్సీలో "జెయింట్ సెల్" అని వచ్చింది, గురువారం ఆపరేషన్ అంటున్నారు

కృష్ణాతీరం | జూన్ 3, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మా అక్కయ్యకు 41 ఏళ్ళు. నాలుగు నెలల క్రితం కింది దవడ ఎడమ పక్క, కోరపన్ను కింద, చింతగింజంత ఎత్తుగా తగిలింది. ఇప్పుడు నిమ్మచెక్కంత అయింది. నొప్పి లేదు. పెదవి తిమ్మిరి లేదు. రెండు పళ్ళు మాత్రం కొంచెం పక్కకు జరిగాయి. మా ఊళ్ళో దంతవైద్యులు మొదట సిస్టు అన్నారు. తరువాత నోటి చుట్టూ తిరుగుతూ తీసే ఎక్స్‌రే, అదే ఓపీజీ, తీయించి చిన్న ముక్క కోసి పరీక్షకు పంపారు. "సెంట్రల్ జెయింట్ సెల్ గ్రాన్యులోమా" అని రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ కాదు, గోకి తీసేస్తే సరిపోతుంది, గురువారం రండి అన్నారు.

క్యాన్సర్ కాదన్న మాటతో ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. అయినా మనసు ఒప్పడం లేదు. ఇంకేమైనా పరీక్షలు చేయించాలా? తెలిసినవారు చెప్పండి.

ఎడారిగాలి | జూన్ 3, రాత్రి 10:15

కువైట్ నుంచి రాస్తున్నాను. భయపడకండమ్మా. నా కథ వినండి. రెండేళ్ళ క్రితం జలుబు తగ్గక సైనస్‌కు సీటీ తీయిస్తే, నుదుటి సైనస్‌లో దంతపు ముక్కలాగా తెల్లగా మెరుస్తూ ఒక గడ్డ కనిపించింది. శనగగింజంత. ఆస్టియోమా, అంటే ఎముక గడ్డ అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి ఈఎన్‌టీ డాక్టరు తాపీగా "సైనస్ స్కాన్ తీయించుకున్న వందమందిలో ముగ్గురి వరకు ఇది ఉంటుంది, మీ జలుబుకూ దీనికీ సంబంధం లేదు, సైనస్ ద్వారం మూసుకోనంత వరకు దాని జోలికి పోవద్దు" అని పంపేశారు. ఏడాది తరువాత మళ్ళీ తీయిస్తే ఒక మిల్లీమీటరు కూడా పెరగలేదు.

ఒక్క ప్రశ్న మాత్రం గుచ్చి గుచ్చి అడిగారు. దవడలోగానీ తలలోగానీ ఇలాంటివి ఇంకా ఉన్నాయా, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగులో పాలిప్స్ (లోపలి గోడకు మొలిచే చిన్న కండలు) ఉన్నాయా అని. ముఖం ఎముకకూ పేగుకూ ఏమిటి సంబంధం అని అప్పుడు నవ్వుకున్నాను.

పచ్చిఆకు | జూన్ 3, రాత్రి 10:31

ఎముక గడ్డలకు మా తాతగారు పసరు కట్టు కట్టేవారు. మూడు వారాల్లో కరిగిపోయేవి. వివరాలకు వ్యక్తిగత సందేశం పంపండి.

నిర్వాహకుడు | జూన్ 3, రాత్రి 10:40

పచ్చిఆకు గారూ, ఇదే మాట నాలుగో చర్చలో పెట్టారు. ఐదోసారి ఉండదు.

దవడనీడ | జూన్ 3, రాత్రి 11:20

నేను దంతవైద్య కళాశాలలో నోటి ఎక్స్‌రేలు చదివే విభాగంలో పనిచేస్తాను. ఎడారిగాలి గారూ, నవ్వకండి, అది సరైన ప్రశ్నే. గార్డ్‌నర్ సిండ్రోమ్ అని ఒకటుంది. ఏపీసీ అనే జన్యువులో లోపం. దవడలో ఆస్టియోమాలు ముందు కనిపిస్తాయి, పేగులో వందల పాలిప్స్ తరువాత బయటపడతాయి. వాటిని వదిలేస్తే క్యాన్సర్ దాదాపు ఖాయం. ఒక్క గడ్డ ఉన్నవారికి ఈ భయం అక్కరలేదు. రెండు మూడు కనిపిస్తే మాత్రం మేం పేగు సంగతి అడిగి తీరతాం.

కృష్ణాతీరం గారూ, రిపోర్టు కాగితం కన్నా ముందు ఎక్స్‌రే చూడాలి. ఫిల్ము ఫోటో పెట్టగలరా? ఫ్లాష్ వేయకండి. చాలామంది ఫిల్మును మంచం మీద పరిచి ఫ్లాష్‌తో తీసి పంపుతారు, నాకు అందులో దుప్పటి పువ్వులు తప్ప ఏమీ కనిపించవు. పగటిపూట కిటికీ అద్దానికి ఆనించి, ఎడమ కుడి గుర్తు కనిపించేలా తీయండి. పేరు, నంబరు ఉన్న మూల కాగితంతో మూసేయండి. ఆ పళ్ళకు ప్రాణం ఉందో లేదో పరీక్షించారా? సూదితో లాగి చూశారా?

కృష్ణాతీరం | జూన్ 4, ఉదయం 8:05

ఫోటో పెట్టాను సార్. చల్లటిది పెడితే పళ్ళు జివ్వుమన్నాయట, కాబట్టి ప్రాణం ఉన్నట్లే. కోసే ముందు సూదితో లాగారు, కొంచెం రక్తం తప్ప ఏమీ రాలేదు. అలా ఎందుకు లాగుతారు?

దవడనీడ | జూన్ 4, ఉదయం 8:50

కోసిన చోట ఏం ఎదురవుతుందో ముందే తెలియడానికి. గడ్డినీళ్ళ రంగు ద్రవం వస్తే సిస్టు అనుకుంటాం. పెరుగు తరకల్లాంటిది వస్తే కెరటోసిస్టు. ఏమీ రాకపోతే గట్టి గడ్డ. ఎర్రటి రక్తం ఒత్తిడితో సిరంజిలోకి తన్నుకొస్తే అక్కడితో కత్తి కింద పెట్టేయాలి. అది రక్తనాళాల గడ్డ కావచ్చు, పన్ను పీకినా ప్రాణం మీదికి వస్తుంది. మీ డాక్టరు లాగి చూశారంటే పద్ధతి తెలిసినవారే.

ఫోటో బాగుంది. మధ్యాహ్నం తరగతులు అయ్యాక తీరిగ్గా చూసి రాస్తాను.

పిల్లనగ్రోవి | జూన్ 4, ఉదయం 10:12

"గోకి తీసేస్తే సరిపోతుంది" అన్న మాట చదివి ఆగలేక రాస్తున్నాను. నాకు 29వ ఏట కింది దవడ వెనుక, జ్ఞానదంతం దగ్గర వాపు వచ్చింది. సిస్టు అని గోకి తీశారు. మూడేళ్ళకు తిరిగి వచ్చింది. మళ్ళీ గోకారు. ఇంకో రెండేళ్ళకు చెవి కింద దాకా పాకింది. అప్పుడు ఇంకో ఊళ్ళో ఒక పెద్దాయన ఎక్స్‌రే వెలుగుకు పెట్టి చూసి "ఇది అమెలోబ్లాస్టోమా బాబూ, మొదటిరోజు నుంచీ అదే" అన్నారు. మొదటిసారి తీసిన ముక్కను పరీక్షకు పంపనే లేదని అప్పుడు తెలిసింది.

పదకొండు గంటల ఆపరేషన్. ఎడమ దవడ సగం తీసేసి, కాలిలో సన్నటి ఎముకను రక్తనాళంతో సహా తెచ్చి దవడగా వంచి అమర్చారు. పిల్లనగ్రోవి లాంటి ఎముక. ఈ పేరు అందుకే పెట్టుకున్నాను. ఇప్పుడు ఆరేళ్ళయింది, చేగోడీలు తింటున్నాను. గురువారం లోపు ఇంకొకరి చేత చూపించండి, అంతే నా మాట.

ఎడారిగాలి | జూన్ 4, ఉదయం 10:40

పిల్లనగ్రోవి గారూ, చేగోడీల దగ్గర కళ్ళు చెమర్చాయి.

దవడనీడ | జూన్ 4, మధ్యాహ్నం 3:30

పిల్లనగ్రోవి గారి మాట ముందు పూర్తి చేస్తాను, అది చాలామందికి పనికొస్తుంది. అమెలోబ్లాస్టోమా పంటి పుట్టుకకు సంబంధించిన కణాల నుంచి వచ్చే గడ్డ. శరీరమంతా పాకదు, ఉన్నచోట ఎముకను తింటుంది. ఐదింట నాలుగు కింది దవడలోనే, ఎక్కువగా వెనుక భాగంలో వస్తాయి. ఎక్స్‌రేలో సబ్బు నురుగులాగా, తేనెపట్టులాగా గదులు గదులుగా ఉంటుంది. దారిలో ఉన్న పంటి వేర్లు కత్తితో కోసినట్లు తెగి ఉంటాయి. గట్టి రకాన్ని గోకి వదిలేస్తే సగానికి పైగా తిరిగి వస్తాయి. కనిపించే గడ్డ అంచు దాటి లోపలి గుల్ల ఎముకలోకి దాని వేలికొనలు పాకి ఉండటమే కారణం. అందుకే చుట్టూ ఒకటి రెండు సెంటీమీటర్ల మంచి ఎముకతో సహా తీస్తారు.

ఇక అక్కయ్య గారి ఎక్స్‌రే. ఏ గడ్డనైనా నేను ముందు చూసేది అంచును. లోపలి రంగు తరువాత. గడ్డ నెమ్మదిగా పెరిగితే ఎముకకు సర్దుకునే వ్యవధి దొరుకుతుంది, పొలం చుట్టూ గట్టు వేసినట్లు తెల్లటి అంచు కట్టుకుంటుంది. గట్టు లేకుండా చిమ్మెట కొట్టినట్లు ఉంటే నాకు గుండె వేగం పెరుగుతుంది. ఈమెకు అంచు స్పష్టంగానే ఉంది, గట్టు మాత్రం పలుచన. లోపల పొగచూరిన సాలెగూడులా సన్నటి అడ్డుగోడలు. పళ్ళ వేర్లు తెగలేదు, పక్కకు ఒరిగాయి. చోటు కోరపన్ను నుంచి మొదటి దవడపన్ను దాకా. ఇవన్నీ జెయింట్ సెల్ అన్న రిపోర్టుకు సరిపోతున్నాయి. అమెలోబ్లాస్టోమా అనడానికి నాకు మనసు రావడం లేదు.

ఒక్కటే కుదరడం లేదు. ఈ గడ్డ ఎక్కువగా ముప్ఫై లోపు వారికి వస్తుంది. ఈమెకు 41. రాకూడదని కాదు. చిన్న ముల్లు గుచ్చుకున్నట్లుంది.

మల్లెపందిరి | జూన్ 4, సాయంత్రం 5:02

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. మా అబ్బాయికి 13. కుడి చెంప ఎత్తుగా ఉంటే సీటీ తీశారు, "గ్రౌండ్ గ్లాస్" అని రాశారు. ఫైబ్రస్ డిస్‌ప్లేసియా అట. గాజు అంటే ఏమిటి సార్? ఒకాయన వెంటనే కోయాలన్నారు, ఇంకొకాయన పద్దెనిమిది దాకా ముట్టుకోవద్దన్నారు. ఎవరిని నమ్మాలి?

దవడనీడ | జూన్ 4, సాయంత్రం 6:45

మల్లెపందిరి గారూ, స్నానాల గది కిటికీకి మసక అద్దం ఉంటుంది చూడండి, వెలుగు వస్తుంది, అవతల మనిషి కనిపించడు. అదే ఈ గాజు. మామూలు ఎముకలో గీతలు, గళ్ళు ఉంటాయి. మీ వాడికి ఆ చోట ఎముక బదులు నార, అందులో ఇసుక చల్లినట్లు చిన్న చిన్న ఎముక పలుకులు. అవి కంటికి విడిగా అందవు, అంతా కలిసి మసక తెలుపుగా కనిపిస్తుంది. జీఎన్ఏఎస్ అనే జన్యువులో, గర్భంలో ఉండగానే కొన్ని కణాల్లో మాత్రం వచ్చే మార్పు ఇది. మీ నుంచి వాడికి రాలేదు, వాడి నుంచి వాడి పిల్లలకు పోదు. ఆ మాట మీరు అడగలేదు, కానీ అడగాలనుకుని ఉంటారు.

దీని అంచు వెతికినా దొరకదు, పాలలో నీళ్ళు కలిసినట్లు చుట్టూ ఉన్న ఎముకలో కలిసిపోతుంది. దీనికి దగ్గరి చుట్టం ఆసిఫైయింగ్ ఫైబ్రోమా. లోపల ఇంచుమించు ఇలాగే ఉన్నా గుండ్రంగా బంతిలా ఉబ్బుతుంది, చుట్టూ గీసినట్లు అంచు ఉంటుంది. దాన్ని పూర్తిగా తీసేయాలి. ఫైబ్రస్ డిస్‌ప్లేసియాను పూర్తిగా తీయాలంటే ముఖమే తీయాలి. అది సాధారణంగా ఎదుగుదల ఆగాక తానూ నెమ్మదిస్తుంది, అప్పుడు చెక్కి ఆకారం సరిచేస్తారు. కాబట్టి రెండో డాక్టరు మాట వినండి. చూపు తగ్గినా, కన్ను ముందుకు వచ్చినా, ముక్కు మూసుకుపోయినా ఆగకూడదు. రేడియేషన్ వైద్యం ఇస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, ఈ గడ్డ చెడ్డదిగా మారే ముప్పు దానితోనే పెరుగుతుంది.

ఒంటి మీద కాఫీ ఒలికినట్లు గోధుమ మచ్చలు ఉన్నాయేమో చూడండి. ఉంటే పిల్లల హార్మోన్ల డాక్టరుకు చూపించాలి. ఇంకొకటి, తలనొప్పి అంటే ఎవరో ఎంఆర్‌ఐ తీస్తారు, అందులో ఈ గడ్డ స్కానుకు ఎక్కించే మందుకు భగ్గున వెలిగి చెడ్డ కణితిలా భయపెడుతుంది. పాత సీటీ సీడీ బీరువాలో జాగ్రత్తగా పెట్టుకోండి, ఎక్కడికి వెళ్ళినా అది ముందు చూపించండి.

మల్లెపందిరి | జూన్ 4, సాయంత్రం 7:10

వాడి నుంచి వాడి పిల్లలకు పోదన్న వాక్యం మా అత్తగారికి రెండుసార్లు చదివి వినిపించాను.

పాతకాపు | జూన్ 4, రాత్రి 8:20

మా ఆవిడ అనుభవం కూడా రాసేస్తాను. 46 ఏళ్ళు. కింది ముందుపళ్ళ వేర్ల కొసల్లో నల్ల చుక్కలు కనిపించాయని ఒక క్లినిక్‌లో నాలుగు పళ్ళకు రూట్ కెనాల్ చేశారు. ఒక్క పన్నూ పుచ్చు లేదు. ఏడాదికి చుక్కల మధ్యలో తెల్లగా వచ్చింది, "చూశారా, మానుతోంది" అన్నారు. తరువాత ఇంకోచోట తెలిసింది, అది సిమెంటో ఆసియస్ డిస్‌ప్లేసియా అనీ, దానంతటదే నలుపు నుంచి తెలుపుకు మారుతుందనీ, అసలు ఏమీ చేయనక్కరలేదనీ. నాలుగు బతికున్న పళ్ళను చంపించుకున్నాం.

దవడనీడ | జూన్ 4, రాత్రి 8:55

పాతకాపు గారూ, నడివయసు ఆడవారిలో, కింది ముందుపళ్ళ కొసల్లో, ప్రాణం ఉన్న పళ్ళకు ఆ చుక్కలు కనిపిస్తే చల్లటి దూది పెట్టి చూడటానికి అర నిమిషం చాలు. దాన్ని కోయకూడదు కూడా, అక్కడ రక్తప్రసారం తక్కువ, పుండు పడితే మానదు.

సూక్ష్మదర్శిని | జూన్ 4, రాత్రి 11:48

ఆలస్యంగా చూశాను. నేను పాథాలజిస్టును. కృష్ణాతీరం గారూ, మీ అక్కయ్యకు రక్తంలో కాల్షియం చూశారా?

ఎందుకు అడుగుతున్నానో చెబుతాను. నా మైక్రోస్కోపు కింద జెయింట్ సెల్ గడ్డ ఎలా ఉంటుందంటే, నార కణాలు, చిందిన రక్తం, మధ్య మధ్య పది ఇరవై కేంద్రకాలు ఒకేచోట కుప్పపోసినట్లున్న పెద్ద కణాలు. 1953లో జాఫీ అనే పాథాలజిస్టు ఈ దవడ గడ్డకు విడిగా పేరు పెట్టారు. సరిగ్గా ఇదే బొమ్మ ఇంకొక జబ్బులోనూ వస్తుంది. మెడలో థైరాయిడ్ వెనుక బియ్యపు గింజంత గ్రంథులు నాలుగుంటాయి, పారాథైరాయిడ్లు. వాటిలో ఒకటి పెరిగి తన హార్మోను (పీటీహెచ్) అతిగా కురిపిస్తే ఎముకల్లోంచి కాల్షియం లాగేస్తుంది. అలా ఎముక కరిగినచోట ఏర్పడే గడ్డ బ్రౌన్ ట్యూమర్. పాత రక్తం మరకతో గోధుమ రంగులో ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఈ రెండింటినీ నేను కాదు, ఎవరూ గాజుపలక మీద విడదీయలేరు. రక్తపరీక్ష ఒక్కటే విడదీస్తుంది. అందుకే నేను అలాంటి ప్రతి రిపోర్టు కింద "కాల్షియం, పీటీహెచ్ చూడగలరు" అని ఒక వాక్యం రాస్తాను. మీ రిపోర్టులో చివరి వాక్యం ఏముందో చూడండి.

కృష్ణాతీరం | జూన్ 5, ఉదయం 6:15

చూశాను మేడం. ఆ వాక్యం ఉంది. చిన్న అక్షరాల్లో, సంతకం పైన. ఇంట్లో ఎవరూ చదవలేదు. అర్థమయ్యే మాట "క్యాన్సర్ కాదు" అన్నదొక్కటే కదా, అక్కడే ఆగిపోయాం.

కాల్షియం పరీక్ష ఎప్పుడూ చేయలేదు. మోకాళ్ళ నొప్పులని అక్కయ్య రెండేళ్ళుగా కాల్షియం మాత్రలు వేసుకుంటోంది.

సూక్ష్మదర్శిని | జూన్ 5, ఉదయం 6:40

కిడ్నీలో రాళ్ళు ఎప్పుడైనా?

కృష్ణాతీరం | జూన్ 5, ఉదయం 6:44

రెండుసార్లు. 2019లో ఒకసారి, కిందటి ఏడాది ఒకసారి. మలబద్ధకం, నీరసం అని కూడా ఎప్పుడూ అంటూనే ఉంటుంది, మేం పనిభారం అనుకున్నాం.

సూక్ష్మదర్శిని | జూన్ 5, ఉదయం 6:58

ఈరోజే పరగడుపున కాల్షియం, అల్బుమిన్, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేస్, క్రియాటినిన్, పీటీహెచ్, విటమిన్ డి. మాత్రల సంగతి మీ డాక్టరుకు చెప్పి, ఫలితం వచ్చేదాకా ఆపవచ్చా అని అడగండి. ఆపరేషన్ డాక్టరుకు రిపోర్టులోని ఆ చివరి వాక్యం చూపించండి, చాలు.

దవడనీడ | జూన్ 5, ఉదయం 7:30

ఆ ముల్లు ఇదేనేమో. మేడం అడిగిన మాట నేను మొదటిరోజే అడగాల్సింది, గడ్డనే చూస్తూ కూర్చున్నాను.

కృష్ణాతీరం గారూ, ఎక్స్‌రే మళ్ళీ కిటికీకి ఆనించండి. ఈసారి గడ్డను చేతితో మూసేసి, కుడి పక్క దవడపళ్ళు చూడండి. ఏ పంటికైనా వేరు చుట్టూ వెంట్రుకంత నల్ల సందు, దాని చుట్టూ సన్నటి తెల్ల గీత ఉండాలి. పెన్సిలుతో వేరును చుట్టి గీసినట్లు. పంటి గూటి గోడ అది. మీ ఇంట్లో వేరే ఎవరిదైనా పంటి ఎక్స్‌రే ఉంటే పక్కన పెట్టి పోల్చండి.

కృష్ణాతీరం | జూన్ 5, ఉదయం 8:20

మా వారి ఎక్స్‌రే దొరికింది, కిందటి ఏడాది జ్ఞానదంతానికి తీసింది. వంటింటి కిటికీకి రెండూ పక్కపక్కన టేపుతో అతికించాను. ఆయన దాంట్లో గీత కనిపిస్తోంది. ప్రతి వేరుకూ, కింది నుంచి పైదాకా తెగకుండా. అక్కయ్య దాంట్లో ఎక్కడా లేదు సార్. ఒక పన్ను తరువాత ఒక పన్ను, వేలు పెట్టి వెతికాను. వేర్లు మసక అద్దంలో గుచ్చినట్లున్నాయి. ఎముక మొత్తం మీరు మల్లెపందిరి గారికి చెప్పిన గాజులాగే ఉంది, రెండు పక్కలా.

అక్కయ్య వెనుక నిలబడి చూస్తూ "ఏమిటే వెతుకుతున్నావు" అంది. ఏం చెప్పాలో తెలియలేదు.

దవడనీడ | జూన్ 5, ఉదయం 8:41

దీన్నే నిర్ధారణ అనుకోకండి. ఈ జబ్బు ఉన్నవారందరికీ ఆ గీత పోదు, చాలామందికి నిక్షేపంగా ఉంటుంది. విటమిన్ డి బాగా తగ్గినా, ఎక్స్‌రే సరిగా తీయకపోయినా పోయినట్లు కనిపిస్తుంది. కానీ ఫైబ్రస్ డిస్‌ప్లేసియా ఒక పక్కనే ఉంటుంది సాధారణంగా. రెండు పక్కలా సమానంగా గాజులా ఉందంటే జబ్బు దవడది కాదు, ఒంటిది. వీలైతే రెండు చేతులకూ ఎక్స్‌రే తీయించండి. చూపుడు వేలు, నడివేలు ఎముకల పక్క అంచు ఎలుక కొరికినట్లు ఉంటుందేమో చూస్తారు.

పాతకాపు | జూన్ 5, ఉదయం 9:30

ఒక మాట అంటే ఎవరూ ఏమీ అనుకోవద్దు. మనిషిని చూడకుండా, ఫోను తెరమీద ఫోటో చూసి, కుదిరిన ఆపరేషన్‌ను ఆపమనడం ఎంతవరకు సబబు? రేపు ఏదైనా తేడా వస్తే ఎవరు జవాబు చెబుతారు?

సూక్ష్మదర్శిని | జూన్ 5, ఉదయం 10:05

సబబైన ప్రశ్నే. ఆపమని నేను అనలేదు. ఆపరేషన్ డాక్టరుకు వచ్చిన రిపోర్టులో ఆయనకే రాసిన వాక్యం ఆయనకు చూపించమన్నాను. నాలుగు నెలలు ఆగిన గడ్డ నాలుగు రోజులు ఆగుతుంది. కాల్షియం బాగా ఎక్కువగా ఉన్నదని తెలియకుండా మత్తు ఇస్తే గుండె లయ తప్పవచ్చు, అది ఆగదు. పైగా మెడలో కారణం ఉండగా దవడ గోకితే పళ్ళు పోతాయి, గడ్డ మళ్ళీ వస్తుంది.

ఎడారిగాలి | జూన్ 5, మధ్యాహ్నం 1:15

ఈలోగా ఒక సందేహం. ఇన్ని ఎక్స్‌రేలు, స్కాన్లు తీయిస్తే రేడియేషన్ మాటేమిటి? నా రెండు సీటీల సంగతి తలచుకుంటే భయమేస్తోంది.

దవడనీడ | జూన్ 5, మధ్యాహ్నం 2:00

ఓపీజీ ఒక్కటి సుమారు 20 మైక్రోసీవర్టులు. భూమి మీద ఊరికే బతికినందుకు ఏడాదికి సగటున 2,400 పడుతుంది, అంటే ఓపీజీ మూడు రోజుల లెక్క. సీబీసీటీ, అదే దంతవైద్యుల త్రీడీ స్కాను, ఎంత మేర తీశారన్నదాన్ని బట్టి పదుల నుంచి వందల దాకా. ఆసుపత్రి సీటీ అంతకన్నా ఎక్కువ. పంటి వేరుకూ గడ్డకూ సంబంధం, నరం దారి, ఎముక పలుచబడిన చోటు తెలియాలంటే సీబీసీటీ చాలు. గడ్డ ఎముక దాటి చెంపలోకి వచ్చిందేమో తెలియాలంటే అది పనికిరాదు, మందు ఎక్కించి తీసే సీటీ గానీ ఎంఆర్‌ఐ గానీ కావాలి. మీకు అవసరమై తీసిన రెండింటికి దిగులు వద్దు. ఏడాదికొకటి మనశ్శాంతి కోసం తీయించుకునే అలవాటు మాత్రం చేసుకోకండి.

కృష్ణాతీరం | జూన్ 7, రాత్రి 8:33

ఫలితాలు వచ్చాయి. కాల్షియం 12.6 (మామూలుగా 10.5 లోపు). ఫాస్ఫరస్ 2.1. ఆల్కలైన్ ఫాస్ఫటేస్ 640. విటమిన్ డి 9. పీటీహెచ్ 780, పక్కన 15 నుంచి 65 అని రాసి ఉంది. నేను ముందు 78 అనుకున్నాను, తరువాత కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను.

మా దంతవైద్యులు కాగితం చూసి ఒక నిమిషం మాట్లాడలేదు. ఆయనే గురువారం ఆపరేషన్ కొట్టేసి, ఎండోక్రైన్ (హార్మోన్ల) డాక్టరుకు ఫోను చేసి సమయం తీసుకున్నారు. చిన్నబుచ్చుకోలేదు. ఆ మాట ఇక్కడ రాయాలనిపించింది.

సూక్ష్మదర్శిని | జూన్ 7, రాత్రి 9:10

ఇక దారి స్పష్టం. మెడకు అల్ట్రాసౌండ్, సెస్టమిబి స్కాన్ తీసి ఏ గ్రంథో పట్టుకుంటారు. పదిమందిలో ఎనిమిదిమందికి పైగా ఒకటే పెరిగి ఉంటుంది. మంచినీళ్ళు బాగా తాగించండి.

పాశ్చాత్య దేశాల్లో ఈ జబ్బు మామూలు రక్తపరీక్షలో ముందే దొరికిపోతుంది. మన దగ్గర ఎముకలూ కిడ్నీలూ దెబ్బతిన్నాకే, అదీ చిన్న వయసులోనే, బయటపడటం ఎక్కువ. విటమిన్ డి లేమి దాన్ని ఇంకా ముదరబెడుతుంది.

దవడనీడ | జూన్ 7, రాత్రి 9:25

ఒక చిన్న అదనపు మాట. ఇదే పారాథైరాయిడ్ జబ్బుతోపాటు దవడలో ఆసిఫైయింగ్ ఫైబ్రోమాలు వచ్చే కుటుంబాలు అరుదుగా ఉంటాయి. సీడీసీ73 అనే జన్యువు. ఆ ఫైబ్రోమా గ్రంథి తీసినా తగ్గదు, బ్రౌన్ ట్యూమర్ తగ్గుతుంది. ఈమెకు బయాప్సీలో జెయింట్ సెల్స్ వచ్చాయి కాబట్టి ఈ గడ్డ ఫైబ్రోమా కాదు. ఇంట్లో ఇంకెవరికైనా రాళ్ళు, కాల్షియం గొడవ ఉంటే మాత్రం ఎండోక్రైన్ డాక్టరుకు చెప్పండి.

కృష్ణాతీరం | జూలై 2, సాయంత్రం 4:50

జూన్ 26న మెడ ఆపరేషన్ అయింది. ఎడమవైపు కింది గ్రంథి, జీడిపప్పంత ఉందట. దవడ ముట్టుకోలేదు. మరునాటి రాత్రి అక్కయ్యకు పెదవుల చుట్టూ చీమలు పాకినట్లు, వేళ్ళు కొంకర్లు పోయినట్లు అయితే హడలిపోయాం. ఇన్నాళ్ళు ఆకలిగొన్న ఎముకలు ఒక్కసారిగా రక్తంలోని కాల్షియం అంతా లాగేసుకుంటున్నాయని నర్సమ్మ చెప్పింది. రెండు రోజులు కాల్షియం సెలైన్ ఎక్కించారు. ఎక్కువైందని మాన్పించిన మాత్రలే ఇప్పుడు పూటకు నాలుగు మింగుతోంది, అదొక విచిత్రం.

మల్లెపందిరి | జూలై 2, సాయంత్రం 6:30

శుభం. మా మామగారు మూడేళ్ళుగా డయాలిసిస్ మీద ఉన్నారు. ఆయనకు కూడా పై దవడ కొంచెం లావైనట్లుంది. దీనికి సంబంధం ఉంటుందా?

సూక్ష్మదర్శిని | జూలై 2, రాత్రి 10:20

ఉండవచ్చు. కిడ్నీలు పనిచేయనప్పుడు నాలుగు గ్రంథులూ పెరుగుతాయి. డయాలిసిస్ డాక్టర్లు పీటీహెచ్ ఎలాగూ చూస్తూ ఉంటారు, ఆ కాగితాలతో పాటు దవడ కూడా చూపించండి. హైదరాబాద్‌లో అయితే అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ దంత వైద్యశాల, అటువైపు అయితే విజయవాడది. అక్కడ నోటి రేడియాలజీ విభాగం ఉంటుంది.

కృష్ణాతీరం | జనవరి 11, ఉదయం 9:05

ఏడు నెలలయింది. ఎవరైనా వెతుక్కుంటూ ఈ చర్చకు వస్తారని రాస్తున్నాను. కాల్షియం 9.4. వాపు బయటికి కనిపించడం లేదు, వేలితో నొక్కితే కొంచెం గట్టిగా తగులుతుంది. మోకాళ్ళ నొప్పులు సగం తగ్గాయి. నిన్న కొత్త ఓపీజీ తీశారు. గడ్డ ఉన్నచోట తెల్లగా నిండుతోంది. మళ్ళీ వంటింటి కిటికీకి అతికించి కుడి పక్క దవడపళ్ళు చూశాను. గీత వచ్చింది సార్. అంతటా కాదు, రెండో దవడపంటికి సగం దాకా.

దవడనీడ | జనవరి 11, ఉదయం 9:40

పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి ఫోటో తీసి పంపగలరా? పేరు మూసేసి. మీకూ అక్కయ్య గారికీ అభ్యంతరం లేకపోతే మా పిల్లలకు చూపిస్తాను.

కృష్ణాతీరం | జనవరి 11, ఉదయం 10:02

అక్కయ్య సరేనంది. ఇవాళ మబ్బుగా ఉంది, రేపు ఎండ రాగానే తీసి పెడతాను.